ముందు ఫోన్ తింటుంది

చైనా వెళ్ళిన కొత్తలో నా చెవికి బాగా గుచ్చుకున్న మాట "ఛీ". తినడాన్ని వాళ్ళు అలాగే అంటారు. సరిగ్గా పలకాలంటే నాలుక కాస్త వెనక్కి మడవాలి గానీ, గుంటూరు చెవికి మాత్రం అచ్చంగా మన ఛీయే. పొద్దున్నే లిఫ్టులో ఎదురైన ముసలాయన నవ్వు మొహంతో "ఛీ ల మా?" అంటే నేనేం పాపం చేశానో అర్థం కాలేదు. ఆయన అడిగింది "తిన్నావా?" అని. మనం అడిగేదే. మనలాగే, జవాబు కోసం కాదు, పలకరింపుగా.

అదే ఛీ ఉన్న ఇంకో మాట రెండు నెలల్లోనే పట్టుబడింది. "షౌజీ షియెన్ ఛీ." ముందు ఫోన్ తింటుంది. హాంకాంగ్‌లో కాంటనీస్ మాట్లాడేవాళ్ళు "ముందు కెమెరా తింటుంది" అంటారు. వంటకం బల్ల మీదకి రాగానే ఎవరో ఒకరు ఈ మాట అంటారు. చాప్‌స్టిక్స్ పట్టుకున్న చేతులన్నీ గాల్లో ఆగిపోతాయి. ఫోన్ పళ్ళెం మీదకి ఒకసారి వంగి లేస్తుంది. అప్పుడు గానీ భోజనం మొదలవదు. 2017 నుంచి 2019 దాకా హాంగ్‌జౌలో ఉద్యోగం చేసిన రెండేళ్ళలో ఇది కొన్ని వందలసార్లు చూసుంటాను. మన దగ్గర తీయరా అంటే, తీస్తారు. జూబ్లీహిల్స్ కేఫుల్లో ఫొటో తీయకుండా తినేవాళ్ళని వెతుక్కోవాలి. కానీ అక్కడ దానికో పేరుంది, ఒక వరసుంది, దాని మీద జోకులున్నాయి. ఫోన్‌ని బల్ల దగ్గర కూర్చున్న ఒక మనిషిగా లెక్కేసి, ఆ మనిషికి తొలి ముద్ద పెడుతున్నారు. నన్ను పట్టుకున్నది ఆ మాటలోని "ముందు".

2018లో దీన్ని వెక్కిరిస్తూ ఫేస్‌బుక్‌లో ఒక చిన్న వ్యాసం పెట్టాను. "చల్లారిపోతున్న నాగరికత" అని పేరు కూడా పెట్టాను, సిగ్గులేకుండా. జనం మెచ్చుకున్నారు. ఆ వ్యాసంలో సగం తప్పు. ఏ సగమో తేల్చుకోవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

*

అప్పట్లో నాకు అండగా నిలబడినవాడు యువాన్ మెయ్. 18వ శతాబ్దపు కవి. 1716లో హాంగ్‌జౌలోనే పుట్టాడు. సర్కారు కొలువు వదిలేసి, నాన్‌జింగ్‌లో ఒక తోట కొనుక్కుని, అందులో కూర్చుని బాగా తిని, తిన్నదాని గురించి రాశాడు. (ఇలాంటి రచయితలంటే నాకు అసూయ.) 1792లో వచ్చిన ఆయన వంటల పుస్తకం "స్వేయువాన్ షిదాన్"లో అసలు వంటకాలకంటే ముందు రెండు జాబితాలుంటాయి. ఒకటి తెలుసుకోవలసినవి, రెండోది మానుకోవలసినవి. మానుకోవలసినవాటిలో ఒకదాని పేరు "మూ షి". కంటి తిండి. దాని పక్కనే "అర్ త్సాన్", చెవి భోజనం.

చెవి భోజనమంటే పేరు కోసం వడ్డించేది. ఖరీదైన సరుకు పెట్టామని నలుగురూ చెప్పుకోవడానికి పెట్టేది. అంత గొప్పే కావాలంటే గిన్నెనిండా ముత్యాలు పోసి పెట్టకూడదా అని ఎగతాళి చేస్తాడాయన. కంటి తిండి అంటే బల్ల మీద పళ్ళేలు కుప్పలు పోయడం. ఒకసారి ఒక వర్తకుడి ఇంటికి విందుకెళ్ళాడట. మూడుసార్లు బల్ల మార్చారు, పదహారు రకాల చిరుతిళ్ళు, అన్నీ కలిపి నలభై దాటిన వంటకాలు. ఇంటాయన ఆనందానికి అవధుల్లేవు. యువాన్ మెయ్ మాత్రం ఇంటికొచ్చి జావ కాచుకుని తాగాడు, ఆకలి తీరక. ఈ కథ చదివినప్పుడల్లా మన పెళ్ళి బఫేలు గుర్తొస్తాయి, అది వేరే సంగతి.

అదే జాబితాలో ఆలస్యం గురించి కూడా ఉంది. బాణలి దించిన క్షణంలో ఉండే రుచి కాసేపాగితే ఉండదు, ఎంత పట్టుబట్టయినా పెట్టెలో మురిగితే ఎవరు కడతారు అన్న ధోరణిలో సాగుతుంది. ఇది చాదస్తం కాదు. చైనా వంటలో చాలా భాగం పెద్ద మంట మీద ఒకటి రెండు నిమిషాల్లో అయిపోయేది. ఆ వేడికి పుట్టే వాసననే కాంటనీస్‌లో "వొక్ హే" అంటారు. బాణలి ఊపిరి అనుకోవచ్చు. పళ్ళెంలోకి వచ్చాక ఆ ఊపిరి ఎంతోసేపు నిలవదు. హాంగ్‌జౌలో లోంగ్‌జింగ్ తేయాకుతో చేసే రొయ్యలు ఒక నిమిషం ఆలస్యమైతే వేరే వంటకం. నలుగురు నాలుగు కోణాల్లో ఫొటో తీసేలోపు రెండు నిమిషాలు.

ఇంకేం కావాలి? కంటి తిండి, పైగా ఆలస్యం. రెండు నేరాలూ ఫోన్ ఒక్కటే చేసింది. 226 ఏళ్ళ ముందే తీర్పు రాసి పెట్టి ఉంది. నేను నకలు తీసి కింద సంతకం పెట్టాను.

నా తప్పు మొదలైంది ఇక్కడే. యువాన్ మెయ్‌ని తీర్పుగా చదివాను గానీ, ఫిర్యాదుగా చదవలేదు. ఎవరూ చేయని పని మీద ఫిర్యాదు ఉండదు కదా. ఆయన కంటి తిండిని అంతలా తిట్టాడంటే అది ఆయన చుట్టూ బలంగా ఉన్నట్టే లెక్క.

ఎంత బలంగా అంటే, అప్పటికే దానికి కనీసం ఐదొందల ఏళ్ళ వయసు. ఇదే హాంగ్‌జౌ దక్షిణ సోంగ్ రాజ్యానికి రాజధానిగా ఉండి, లిన్‌ఆన్ అని పిలిపించుకున్న రోజుల్లో, 1235లో, ఆ నగరాన్ని వర్ణిస్తూ "దూచెంగ్ జీషెంగ్" అనే చిన్న పుస్తకం వచ్చింది. అందులో సారాయి అంగళ్ళ గురించి చెబుతూ ఒక ముచ్చట రాశాడు. మనిషి వచ్చి కూర్చోగానే అంగడివాళ్ళు ముందు "కాన్ త్సాయ్" తెచ్చి పెడతారు. చూసే కూర అని. అది తినడానికి కాదు. దాన్ని చూసి, ఎంత కావాలో చెబితే, అది తీసేసి అసలు కూరలు తెస్తారు. అలవాటు లేనివాళ్ళు గబుక్కున అందులో చాప్‌స్టిక్స్ పెట్టి నవ్వులపాలయ్యేవాళ్ళట. ఆ పల్లెటూరి మనిషిని తలుచుకుంటే నాకు జాలి. రోజంతా నడిచొచ్చి ఉంటాడు. ఎదురుగా ముద్ద ఉంది. ముందు కళ్ళకి వడ్డించాలన్న నగర మర్యాద తెలియదు, అంతే. మా ఆఫీసువాళ్ళతో మొదటిసారి విందుకి వెళ్ళినప్పుడు, ఫొటో కాకముందే నేను వంకాయ ముక్క తీసేసుకుంటే అందరూ నవ్విన నవ్వు అదే నవ్వేమో.

వాళ్ళ బల్ల తీరు కూడా ఒక కారణం. మనకి ఎవరి విస్తరి వాళ్ళది. నా విస్తట్లో నేను పప్పన్నం కలిపితే పక్కవాడి విస్తరి చెక్కుచెదరదు. అక్కడ వంటకమంతా బల్ల మధ్యలో, తిరిగే గాజు పళ్ళెం మీద, అందరిదీగా ఉంటుంది. ఎవరి గిన్నెలోనైనా ఉండేది అన్నమే. మొదటి చాప్‌స్టిక్స్ పడిన క్షణంలో వంటకం రూపం అందరికీ ఒకేసారి పోతుంది. తలా తోకా ఉన్న చేప, పూవులా కోసిన దోసకాయ, గోపురంలా పేర్చిన పంది మాంసం. వంట గురించి వాళ్ళు చెప్పే మూడు గుణాల్లో కూడా రంగుదే మొదటి స్థానం, తర్వాతే వాసన, ఆ తర్వాత రుచి. ఆ రంగుకి ఆయుష్షు ఇంతే. అందుకే తొలి చాప్‌స్టిక్స్ ఎవరివి అన్నది వాళ్ళకి ఎప్పుడూ పెద్ద ప్రశ్నే. పెద్దవాళ్ళు ముట్టుకోందే పిల్లలు ముట్టుకోకూడదు. చేప తల ముఖ్య అతిథి వైపు తిప్పి పెట్టాలి. ఆ వరస అంతా తెలిసిన బల్లని ఇప్పుడు అందరికంటే చిన్నపిల్ల "ఆగండి" అని ఆపుతోంది. ఆపితే తాతలు, మేనేజర్లు నోరెత్తకుండా ఆగుతున్నారు. వేల ఏళ్ళ మర్యాద చేతిలో ఫోనున్న పదహారేళ్ళ పిల్ల ముందు తలొంచుతుంటే చూడటం నాకు, నిజం చెప్పొద్దూ, బాగుండేది.

*

ఆ పదహారేళ్ళ పిల్ల మా ఇంటి ఓనరమ్మ మనవరాలు. ఓనరమ్మని నేను ఆయీ అనేదాన్ని. పిన్నీ, అత్తా అన్నట్టు, పెద్దావిడ ఎవరినైనా పిలిచే పిలుపు అది. ఆవిడ సొంతూరు ఆన్హ్వే రాష్ట్రంలో ఒక పల్లె, పుట్టింది 1951లో. కొడుకూ కోడలూ షెన్‌జెన్‌లో ఉద్యోగం, పిల్ల చదువు నానమ్మ దగ్గర. ఇలాంటి ఇళ్ళు అక్కడ కోకొల్లలు. గల్ఫుకి వెళ్ళినవాళ్ళ పిల్లల్ని పెంచే మన అమ్మమ్మలు గుర్తొస్తారు.

2019 ఫిబ్రవరి 4, వాళ్ళ సంవత్సరాది ముందురోజు రాత్రి. ఒంటరిగా ఉంటానని నన్నూ భోజనానికి పిలిచింది. పదిమంది తినే బల్ల, ముగ్గురం మనుషులం. కొడుక్కి ఆ రోజు డ్యూటీ పడింది, రాలేదు. ఆయీ మధ్యాహ్నం నుంచి వండింది. వండినవన్నీ బల్ల మీద పెట్టి, మాకు కాకుండా, ఎవరూ లేని కుర్చీల ముందు గిన్నెలు, చాప్‌స్టిక్స్, చిన్న చిన్న సారాయి కప్పులు సర్దింది. అగరుబత్తీలు వెలిగించింది. పోయిన భర్త, అత్తమామలు, వాళ్ళ పైవాళ్ళు వచ్చి తింటారు. బత్తీ కాలిపోయేదాకా మేం ముగ్గురం గోడకి ఆనుకుని నిలబడ్డాం. చేప చల్లారింది. సూపు మీద కొవ్వు తెట్టు కట్టింది. బత్తీ అయ్యాక ఆయీ ఒక్కో వంటకం మళ్ళీ వంటింట్లోకి తీసుకెళ్ళి వేడిచేసి తెచ్చింది.

హమ్మయ్య అని కూర్చోబోతుంటే పిల్ల ఫోన్ తీసింది. "నానమ్మా, ముందు ఫోన్ తినాలి."

ఆయీ నడుం మీద చెయ్యి పెట్టుకుని అంది: "పూర్వీకులు తిన్నారు. ఇప్పుడు ఫోన్ తింటుంది. మనం తినేసరికి తెల్లారుతుందిలే."

నేను గట్టిగా నవ్వాను. నవ్వుతూనే నా వ్యాసం గుర్తొచ్చి ఎక్కడో కలుక్కుమంది. చల్లారిపోవడం గురించి అంత రాశానే, ఈ ఇంట్లో అన్నం చల్లార్చుకోవడం ఫోన్‌తో మొదలవలేదు. లేనివాళ్ళకి ముందు పెట్టడం కోసం ఉన్నవాళ్ళు ఆగడం ఈ బల్లకి ఎప్పట్నుంచో అలవాటే. పిల్ల తీసిన ఫొటో వీచాట్‌లో ఇంటివాళ్ళ గ్రూపులోకి వెళ్ళింది. నిమిషంలో షెన్‌జెన్ నుంచి జవాబుగా ఇంకో ఫొటో వచ్చింది. అట్టపెట్టెలో అన్నం, రెండు కూరలు, పక్కన సగం కనిపిస్తున్న హెల్మెట్. ఆయీ కళ్ళజోడు పెట్టుకుని, రెండు వేళ్ళతో ఆ ఫొటోని పెద్దది చేసి, కూర ముక్కలు లెక్కపెట్టినంత పనిచేసింది. మాంసం ఉందో లేదో చూసిందట. ఉంది. అప్పుడు తను చాప్‌స్టిక్స్ ఎత్తింది.

"ఛీ ల మా?" అన్న ప్రశ్నకి ఇన్నాళ్ళూ మాటతో జవాబు చెప్పేవాళ్ళు. మాటతో అబద్ధం చెప్పడం తేలిక. నేను మా అమ్మకి రెండేళ్ళు చెప్పాను. ఫోన్లో "తిన్నావా?" అంటే "ఆఁ తిన్నా" అనడానికి నిజంగా తిని ఉండాల్సిన పనేముంది. ఆ పిల్ల నాన్న పంపింది సాక్ష్యం.

*

ఆ రాత్రి ఆయీ వండిన చేపని మేమెవరం పూర్తిగా తినలేదు. తినకూడదు కూడా. చేపనీ, మిగులునీ చైనీస్‌లో ఒకే పలుకుతో "యూ" అంటారు. సంవత్సరాది బల్ల మీద చేప మిగలాలి, అప్పుడు ఏడాదంతా ఇంట్లో మిగులు ఉంటుంది. చూడటానికి పెట్టి, కావాలని మిగిల్చే వంటకం. ఇదీ కంటి తిండే.

ఈ చేప గురించి నాకు తెలిసిన గొప్ప దృశ్యం ఒక సినిమాలో ఉంది. (చైనా భోజనం, సినిమా అనగానే ఆంగ్ లీ 1994లో తీసిన "ఈట్ డ్రింక్ మ్యాన్ వుమన్" గురించి చెబుతాననుకుంటారు. దాని గురించి ఇప్పటికే చాలామంది చాలా రాశారు.) 1984లో చెన్ కైగ తీసిన "ఎల్లో ఎర్త్" కథ 1939లో, ఉత్తర షాన్షీ కరువు కొండల్లో జరుగుతుంది. గూ చింగ్ అనే కమ్యూనిస్టు సైనికుడు జానపద పాటలు సేకరించడానికి అక్కడికి వస్తాడు. మొదట్లోనే ఒక పెళ్ళి, పెళ్ళి భోజనం. పళ్ళెంలో చేప ఉంటుంది. చెక్కతో చెక్కిన చేప. నీళ్ళే లేని ఆ నేల మీద చేప ఎక్కణ్ణుంచి వస్తుంది? చేప లేకుండా పెళ్ళి విందు ఎలా పూర్తవుతుంది? అందుకని చెక్కది పెడతారు. ఆ బల్ల దగ్గర అది అందరికీ తెలుసు, బయటి నుంచి వచ్చిన సైనికుడికి తప్ప.

ఈ సినిమాకి ఛాయాగ్రహణం జాంగ్ యిమౌ. సినిమా అంతటా ఫ్రేములో ముప్పాతిక నేలే ఉంటుంది, మనుషులు చీమలంత. ఆ నేల అంతా చూపించాక ఆ చెక్క చేపని చూపిస్తారు. వాళ్ళ మీద జాలి పడమని ఏడుపు సంగీతం పెట్టరు, పేదవాళ్ళ డాబు అని వెక్కిరించరు. నాకు ఈ సినిమాలో మిగతా ప్రతీకల మీద కొంత విసుగుంది, పాటలూ పసుపు నదీ కాస్త ఎక్కువే బరువు మోస్తాయి. కానీ ఈ చేప దగ్గర మాత్రం దర్శకుడు నోరు మూసుకున్నాడు. అదే దాని బలం.

ఆ వర్తకుడి ఇంట్లో నలభై వంటకాలూ కంటి తిండే, షాన్షీ కొండల్లో చెక్క చేపా కంటి తిండే. మొదటిది కడుపు నిండినవాళ్ళది. రెండోది నిండే దారి లేనివాళ్ళది. యువాన్ మెయ్ ఇంటికి పోయి జావ కాచుకున్నాడు, నిజమే. కాచుకోవడానికి ఆయన ఇంట్లో బియ్యం ఉన్నాయి. నేను ఆయన మాట పట్టుకుని హాంగ్‌జౌలో అందరి బల్లలనీ ఒకే గాటన కట్టేశాను. 1959 నుంచి 1961 దాకా వచ్చిన కరువులో చైనాలో ఎంతమంది పోయారన్న దానికి లెక్కలు రకరకాలుగా ఉన్నాయి, కానీ ఏ లెక్కయినా కోట్లలోనే. యాంగ్ జిషెంగ్ అనే విలేఖరి 2008లో హాంకాంగ్‌లో ప్రచురించిన "సమాధి రాయి" అనే పెద్ద పుస్తకం ఆ కరువు గురించే. దాని మొదట్లో తన తండ్రి మరణం రాశాడు. బడి నుంచి కాసిని బియ్యం పట్టుకుని కొడుకు ఇంటికి చేరి, జావ కాచి ఇస్తే, అప్పటికే ఆ తండ్రికి మింగే శక్తి లేదు. ఇంకో జావ కథ. ఈ రెండు జావల మధ్య దూరం తెలియకుండా ఎవరైనా వంటల గురించి రాస్తే నాకిప్పుడు నమ్మబుద్ధి కాదు, నా పాత వ్యాసంతో సహా.

ఆన్హ్వే ఆ కరువులో బాగా నలిగిన రాష్ట్రాల్లో ఒకటి. ఆయీకి అప్పుడు ఎనిమిది నుంచి పదేళ్ళు. ఆ సంగతి ఆవిడ ఎప్పుడూ మాట్లాడలేదు, నేనూ అడగలేదు. ఒకసారి మాత్రం బిస్కెట్ డబ్బాలోంచి తపాలా బిళ్ళలంత కాగితాలు తీసి చూపించింది. ధాన్యం కూపన్లు. 1955 నుంచి 1993 దాకా అవి లేకుండా చేతిలో డబ్బున్నా బియ్యం, పిండి సరిగ్గా దొరికేవి కావు. మనవరాలు వాటినీ ఫొటో తీసింది, పళ్ళెంలో పేర్చి మరీ. ఆయీ ఆ పిల్లని తిట్టలేదు. పళ్ళెం కాస్త వెలుతురులోకి జరిపింది.

*

ఇక నా వ్యాసంలో తప్పు కాని సగం.

అక్కడ "దా కా" అని ఒక మాట వాడతారు. ఫ్యాక్టరీ గేటు దగ్గర కార్డు గుద్ది హాజరు వేయించుకోవడం అని అసలు అర్థం. ఇప్పుడు పేరున్న హోటలుకి వెళ్ళి ఫొటో తీసుకుని రావడం అని. ఏ మహానుభావుడు మొదలుపెట్టాడో గానీ ఇంతకంటే ఖచ్చితమైన విమర్శ ఇంకొకరు రాయలేరు. సెలవురోజున కూడా డ్యూటీ ఎక్కినట్టే ఉంటుంది. గంటన్నర వరసలో నిలబడి, లోపలికెళ్ళి, కిటికీ పక్క బల్ల దొరకలేదని అలిగి, పొగలు కక్కే పళ్ళెం తెప్పించి, ఆ పొగ ఆరేలోపు ఫొటో తీసి, సగం వదిలేసి వచ్చిన స్నేహితులతో నేనూ తిరిగాను. చాలా హోటళ్ళలో బల్ల మీదే ఒక చీటీ ఉంటుంది. మంచి ఫొటోలతో రివ్యూ రాస్తే ఒక తీపి వంటకమో చల్లని పానీయమో ఉచితం. 2003లో షాంఘైలో మొదలైన ద్యన్‌పింగ్‌లోకో, 2013లో వచ్చిన షియావ్‌హోంగ్షులోకో ఆ ఫొటోలు వెళతాయి. అక్కడ ఆ ఫొటోకి ఎదురుచూసే మనిషి లేడు. మాంసం ఉందా లేదా అని రెండు వేళ్ళతో పెద్దది చేసి చూసేవాళ్ళు లేరు. ఉన్నది లెక్క. తిన్నావా అని ఎవరూ అడగని చోట తిన్నానని చెప్పడం లాంటిది.

హాంగ్‌జౌ పేరుమోసిన వంటకం, వెస్ట్ లేక్ పులుపు చేప, దీనికి మంచి ఉదాహరణ. గడ్డిచేపని ఉడికించి పైన తీపీపులుపూ కలిసిన నల్లటి పాకం పోస్తారు. ఫొటోలో నిగనిగలాడుతుంది. ఊరికి వచ్చిన ప్రతివాళ్ళూ తెప్పించుకుంటారు, తీస్తారు. తిన్నాక దాని మీద వేసే జోకులకి చైనా ఇంటర్నెట్‌లో కొదవ లేదు. హాంగ్‌జౌకి "రుచుల ఎడారి" అని పేరు కూడా పెట్టేశారు. ఆ చేప మీద నాకు మరీ అంత కోపం లేదు గానీ, రెండోసారి తినలేదు.

ఇక్కడే "అ బైట్ ఆఫ్ చైనా" గుర్తు చేసుకోవాలి. 2012 మేలో సీసీటీవీలో వచ్చిన ఏడు భాగాల డాక్యుమెంటరీ, దర్శకుడు చెన్ షియావ్‌చింగ్. దేశమంతా రాత్రిపూట కళ్ళప్పగించి తిన్న కంటి తిండి అది. అందులో అతి తీపి వ్యాఖ్యానం, దేశభక్తి పాకం ఉన్నాయి, కాదనను. కానీ కెమెరా పళ్ళెం దగ్గర మొదలవదు. మొదటి భాగం యున్నాన్ అడవిలో పుట్టగొడుగుల కోసం వెతికే తల్లీకూతుళ్ళ దగ్గర మొదలవుతుంది. తర్వాత హూబెయ్ బురదలో నడుం వంచి తామర దుంపలు తవ్వే కూలీల దగ్గరికి వెళుతుంది. పళ్ళెం వచ్చేసరికి ఆ చేతులు మనకి గుర్తుంటాయి. ఫోన్ ఫొటోలో లేనిది అదే. నిలువుగా పైనుంచి తీస్తే పళ్ళెం గుండ్రంగా, శుభ్రంగా, ఎవరూ వండనట్టు, ఎవరూ తినబోనట్టు కనిపిస్తుంది.

ఫొటో అందరికీ ఒకే ముద్ద పెట్టలేదన్నది కూడా చెప్పాలి. 2012 డిసెంబరులో పార్టీ పెద్దలు అధికారుల డాబు తగ్గించాలని ఎనిమిది నియమాలు పెట్టారు. ఆ తర్వాత పెద్ద విందు ఫొటో బయటికొస్తే మామూలు మనిషికి గొప్ప, అధికారికి గండం. మరుసటి నెలలోనే "గ్వాంగ్ పాన్" అనే ఉద్యమం వచ్చింది. ఖాళీ పళ్ళెం అని అర్థం. జనం తినేసిన పళ్ళేల ఫొటోలు తీసి వెయ్‌బోలో పెట్టారు. ఫోన్ మొదట తినడం మానేసి చివర్లో తిన్నదన్నమాట. 2021 ఏప్రిల్ 29 నుంచి తిండి వృథాకి వ్యతిరేకంగా చట్టమే వచ్చింది. కెమెరా ముందు గుట్టలు గుట్టలు తినే కార్యక్రమాలు చేసినా, పంచినా లక్ష యువాన్ల దాకా జరిమానా. ఉద్దేశం మంచిదే. కానీ నిండు పళ్ళెమైనా, ఖాళీ పళ్ళెమైనా ఫొటో తీసి చూపించాల్సిందే అన్న చోట నాకు కొంచెం ఊపిరాడదు. ఆయీ మాత్రం ఖాళీ పళ్ళేన్ని ఎవరూ చెప్పకుండానే అన్నం ముద్దతో తుడుచుకుని తింటుంది. దాన్ని ఫొటో తీయనివ్వదు. సిగ్గట.

*

2019 చివర్లో నేను గుంటూరు వచ్చేశాను. సంవత్సరాది ముందురోజు రాత్రి ఆయీ నుంచి ఫొటో ఇప్పటికీ వస్తుంది. ఇప్పుడు తనే తీస్తుంది, కాస్త వంకరగా, ఒక మూల తన బొటనవేలితో సహా. మధ్యలో చేప ఉంటుంది. ఎదురు కుర్చీల ముందు గిన్నెలుంటాయి. మనవరాలు ఇప్పుడు వేరే ఊళ్ళో చదువుతోంది కాబట్టి, ఆ గిన్నెల్లో పూర్వీకులవి ఏవో, బతికున్నవాళ్ళవి ఏవో నాకు తెలియదు.

మొన్న ఆదివారం అమ్మ గోంగూర పచ్చడి చేసి, ఉల్లిపాయ ముక్కలు పక్కన పెట్టి వడ్డించింది. నేను ఫోన్ తీశాను. అమ్మకి ఇది గిట్టదు. తినే తిండి నలుగురికీ చూపిస్తే దిష్టి తగులుతుందని ఆవిడ నమ్మకం. బడికి పంపేటప్పుడు కూడా క్యారేజీ మూత తీసి చూపించొద్దని చెప్పేది.

"ఎవరికే ఆ ఫొటో? ఊరందరికీనా?"

"కాదమ్మా, ఆయీకి. హాంగ్‌జౌలో మా ఓనరమ్మకి."

అమ్మ నెయ్యి గిన్నె కాస్త ముందుకి జరిపింది, ఫొటోలో పడేలాగా. నేను పంపాను. కలిపి ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే మళ్ళీ అడిగింది.

"పంపావా? ఆవిడ తిన్నదో లేదో కూడా అడుగు."